భద్రాద్రి యడవిదారిలో నొక సంసారము

మాఘ ఫాల్గుణ మాసములలో ఖమ్మము పట్టణమునకు వచ్చినవారికి తుమ్ములు తప్పవు. మిరప మార్కెట్టునకు లారీలు, ట్రాక్టర్లు బారులు తీరి వచ్చుటచే గాలియంతయు ఘాటెక్కియుండును. తేజరకపు కాయలు నింపిన బస్తాలు గుట్టలుగా పడియుండును. ఆ ఎఱుపును చూచి ముచ్చటపడనివారుండరు. కాని ఆ బస్తాలలో నెన్ని చేనిలో నుండగనే యప్పుపద్దులో జమకట్టబడినవో చూచువారి కంటికి తెలియదు. అట్టి మిరప పండించిన యొక యింటి సంగతి సోదరీమణులకు చెప్పదలచితిని. ఆ యింటికి పోవు దారిని గూర్చియు చెప్పవలసియున్నది. ఏలయన ఆ యింటివారి కష్టములో సగము ఆ దారియే.

నేను చిరకాలము భద్రాచల ప్రాంతపు గిరిజన ఆశ్రమపాఠశాలలలో ఉపాధ్యాయినిగా పనిచేసి యిప్పుడు ఖమ్మములో విశ్రాంతిగా నున్నాను. నాకడ చదివిన కోయబాలిక యొకతె పెండ్లియై దుమ్ముగూడెము మండలములోని యొక పల్లెలో కాపురముండుచున్నది. ఆమె భర్తకు ముప్పదియాఱేండ్లకే నోటిలో క్యాన్సరు వచ్చినదనియు, హైదరాబాదులో చికిత్స ముగించుకొని యింటికి వచ్చినాడనియు తెలిసి చూచివత్తమని బయలుదేరితిని. వారి పేర్లును, పల్లె పేరును ఇక్కడ వ్రాయను. వారి లెక్కలు వ్రాయుటకు మాత్రము ఆమె యొప్పుకొన్నది.

ఖమ్మమునుండి భద్రాచలము సుమారు 120 కిలోమీటర్లు. ఏన్కూరు, జూలూరుపాడు దాటువఱకు ప్రత్తిచేలు, మిరపచేలు, నడుమ నడుమ మామిడితోటలు. కొత్తగూడెము చేరగానే బొగ్గులారీలు ఎదురగును. సింగరేణి గనుల ప్రధాన కార్యాలయము ఇచ్చటనే యున్నది. ఈ యూరి రైలుస్టేషనునకు 'భద్రాచలము రోడ్డు' అని పేరు. ఆ పేరు నమ్మి దిగిన యాత్రికుడు రాములవారి గుడి యెక్కడని యడిగినచో, ఇంకను 40 కిలోమీటర్లు పొమ్మందురు. దేవుని చూడవచ్చినవారికి ఇది నవ్వుకొనదగిన మాటయే. రోగిని రైలెక్కింపవలసినవారికి కాదు.

పాల్వంచ రామదాసుగారి తాలూకా. కంచెర్ల గోపన్న ఇక్కడ తహసీలుదారుగా నుండి, 17వ శతాబ్దిలో, సర్కారు పన్నుసొమ్ము వెచ్చించి భద్రగిరిపై ఆలయము కట్టించి, ఆ లెక్క ఒప్పగింపలేక గోలకొండ చెఱసాలలో మ్రగ్గెను. చివరకు రామలక్ష్మణులే మాఱువేషములతో తానీషాకడకు పోయి బాకీ చెల్లించి రసీదు పుచ్చుకొనిరని కథ. తిరుమల వేంకటేశ్వరునిది తీరని యప్పు, భద్రాద్రి రామునిది తీర్చిన యప్పు అని మా అమ్మమ్మ యనుచుండెడిది. ఈ మాట ఆ దినమున నాకు పలుమాఱులు జ్ఞాపకము వచ్చినది.

పాల్వంచ దాటిన పిదప కిన్నెరసాని ప్రాంతపు అడవి. టేకు, మద్ది, తునికి, ఇప్ప చెట్లు రోడ్డువఱకు వచ్చి నిలిచియుండును. సారపాకలో కాగితపు మిల్లు గలదు. జామాయిలు దుంగల లారీలు అక్కడ వరుసకట్టియుండును. అక్కడినుండి వంతెన. 1965లో ఈ వంతెన తెఱచువఱకు గోదావరిని పడవలపై దాటెడివారు. ఆవలి యొడ్డున భద్రాచలము. విగ్రహములను మొదట కనుగొన్నది పోకల దమ్మక్క యను కోయస్త్రీ యని స్థలపురాణము చెప్పుచున్నది. శ్రీరామనవమికి వచ్చు లక్షలాది జనులలో ఈ సంగతి తెలిసినవారెందఱో నేనెఱుగను.

ఈ యూరికి సరిహద్దులు మాఱుట క్రొత్త గాదు. 1959 వఱకు ఇది తూర్పు గోదావరి జిల్లాలోనిది. తరువాత ఖమ్మము జిల్లాలో చేరినది. 2014లో పోలవరము ప్రాజెక్టు నిమిత్తము చుట్టుప్రక్కల మండలములు ఆంధ్రప్రదేశములోనికి పోయి, పట్టణము మాత్రము తెలంగాణములో నిలిచినది. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా యేర్పడినది. ఇపుడు భద్రాచలమునుండి దుమ్ముగూడెము పోవు బస్సు కొన్ని మైళ్లు ఆంధ్రదేశపు గ్రామములగుండ పోయి మరల తెలంగాణములో ప్రవేశించును. బస్సులో కూర్చున్నవారికి ఆ భేదము తెలియదు. కాని రేషనుకార్డు చేత బట్టుకొని ఆసుపత్రికి పోవునపుడు తెలియును. ఒకే దారిపై ప్రక్కప్రక్కనున్న రెండు పల్లెల వియ్యపువారు వేఱు వేఱు ప్రభుత్వముల కార్డులు చూపవలెను.

దుమ్ముగూడెములో గోదావరిపై పాతకాలపు లాకులున్నవి. 19వ శతాబ్దిలో దొరతనమువారు పడవలను ఎగువదేశమునకు నడుపదలచి ఆనకట్ట, లాకులు కట్టించి, ఖర్చు పెరుగుటచే 1870 ప్రాంతమున ఆ పథకమును నడుమనే విడిచిరి. ఇంకను ముందునకు పోయినచో సీతమ్మవారు కాపురమున్న తావని చెప్పెడు పర్ణశాల. అచ్చటికి పోవు యాత్రికులతో బస్సు నిండినది. నేను వారికంటె ముందుగనే దిగి, ఆటోలో పల్లెకు చేరితిని. ఇప్పపూల కాలము అప్పుడే వచ్చుచున్నది. తెల్లవారుజామున రాలిన పూలను ఏరుటకు చెట్లక్రింద నేలను ఊడ్చి శుభ్రపఱచుచున్నారు.

వారిది రెండు గదుల యిల్లు. ముందు వేపచెట్టు, ప్రక్కన మిరప ఆరబోసిన కళ్లము. నా శిష్యురాలు తలకు గుడ్డ కట్టుకొని కాయలు ఏరుచున్నది. ఎఱ్ఱకాయ ఒకవైపు, తాలుకాయ మఱొకవైపు. భర్త అరుగుమీద కూర్చుండి నన్ను చూచి లేవబోయెను. దవడక్రింద శస్త్రచికిత్స గుఱుతు. మాట స్పష్టముగా రాదు. నోరు రెండు వ్రేళ్ల వెడల్పునకు మించి తెఱచుకొనదు. ఆయనకు చిన్ననాటినుండి తంబాకు, సున్నము నలిపి పెదవిక్రింద నుంచుకొను అలవాటట. మొదట తెల్లని మచ్చ, పిదప పుండు. వేడిచేసినదనుకొని నాలుగు నెలలు గడపిరి. మూడు వారములకు మానని నోటిపుండును వైద్యునికి చూపవలెనను మాట ప్రతియింట తెలిసియుండవలసినది. మన పూర్వులు రాచపుండని పిలిచి భయపడిన యీ రోగము తొలిదశలో కనుగొన్నచో నయమగుటకు ఎక్కువ యవకాశము గలదు.

వీరిని భద్రాచలములోని ప్రభుత్వాసుపత్రివారు పరీక్షించి హైదరాబాదునకు పంపిరి. అచ్చట లక్డీకాపూల్ దగ్గర రెడ్‌హిల్స్‌లో 1955లో స్థాపింపబడిన ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రి గలదు. మెహదీ నవాజ్ జంగ్‌గారి పేర వెలసిన యీ ప్రభుత్వ వైద్యశాలకు రాష్ట్రము నలుమూలలనుండి బీదరోగులు వత్తురు. శస్త్రచికిత్స, రేడియేషను, కీమో మందులు అన్నియు ఆరోగ్యశ్రీ క్రింద జరిగినవి. 2007లో మొదలైన ఈ పథకపు పరిమితిని తెలంగాణ ప్రభుత్వము 2023 డిసెంబరులో కుటుంబమునకు ఏడాదికి 10 లక్షల రూపాయలకు పెంచినది.

"అయితే డబ్బుకు ఇబ్బంది పడలేదన్నమాట" అంటిని.

ఆమె నవ్వి, "డాక్టర్లు ఒక్క రూపాయి అడగలేదు టీచరమ్మా. దారే అడిగింది" అని లోపలికి పోయి ఒక నోటుబుక్కు తెచ్చినది. నా బడిలో లెక్కలు చేయునపుడు గీత గీసినట్లే నడిమికి గీత గీసి, ఎడమవైపు రాబడి, కుడివైపు ఖర్చు వ్రాసికొన్నది. ఆ పుస్తకమును నేను గంటసేపు చదివితిని. అంత శ్రద్ధగా ఈ మధ్య ఏ నవలయు చదువలేదు.

శస్త్రచికిత్స తరువాత రేడియేషను 30 మాఱులు. వారమునకు ఐదు దినములు. అనగా ఆఱు వారములు ఊరు విడిచియుండవలెను. రోజూ ఇంటినుండి పోయిరావచ్చునా యనిన, భద్రాచలమునుండి హైదరాబాదు 300 కిలోమీటర్లకు పైమాట. కావున ఆసుపత్రికి దగ్గఱ సందులో మఱొక రోగి కుటుంబముతో కలిసి యొక గది తీసికొనిరి. వీరి వంతు దినమునకు 250 రూపాయలు. 42 దినములకు 10,500. రేడియేషను మూడవ వారమునకు నోరంతయు పూసిపోయి కారము, పులుపు మాట యటుంచి, అన్నము మెతుకు కూడ తాకనీయదు. పాలు, గ్రుడ్లు, రాగిజావ, మెత్తని పప్పునీరు దినమునకు 150 రూపాయల చొప్పున 6,300. నగరములో 2014 నుండి ఐదు రూపాయలకు భోజనము పెట్టు కేంద్రములున్నవి. కాని అది రోగి తినగల భోజనము గాదు. ఆమె తినెడిది. ఈ రెండు పద్దులు కలిపి 16,800 రూపాయలు. ఇందులో ఒక్క రూపాయియు ఏ ఆసుపత్రి బిల్లులోను ఎక్కదు.

దీనికి ఇంటిలో ఆగిపోయిన కూలిని చేర్చవలెను. ఆయన ట్రాక్టరు నడుపును. ఆమె మిరపకోతకు, నాట్లకు పోవును. ఒకరు మంచమెక్కి మఱొకరు ఆ మంచముప్రక్క కూర్చున్నచో రెండు కూలీలును పోయినట్లే. ఈ పద్దును ఆమె కుడివైపున వ్రాయలేదు. ఎడమవైపు ఖాళీగా విడిచినది. ఆశ్వయుజమునుండి మార్గశిరమువఱకు ఎడమవైపున ఖాళీలే.

ఇక అప్పు సంగతి. పరీక్షలు, రాకపోకలు, చేతిఖర్చులు అన్నియు ఒక్కమాఱు పైబడినప్పుడు పోగులు కుదువపెట్టి, అవి చాలక మిరప వ్యాపారివద్ద 50,000 రూపాయలు తెచ్చిరి. వడ్డీ నెలకు నూటికి మూడు రూపాయలు. అనగా నెలకు 1,500. వడ్డీకంటె కఠినమైన షరతు మఱొకటి: పంటను ఆయనకే, ఆయన చెప్పిన ధరకే అమ్మవలెను. నాట్లు వేసి నెలయైనను కాకమునుపే పంట ధర నిర్ణయించు హక్కు చేయిజాఱినది.

భూమి తాకట్టు పెట్టలేదేమని యడిగితిని. ఇది ఏజెన్సీ ప్రాంతము. 1959లో వచ్చి 1970లో సవరింపబడిన నిబంధన ప్రకారము ఇక్కడి భూమి గిరిజనేతరులకు చెల్లదు. దీనిని జనులు 'వన్ ఆఫ్ సెవెంటీ' యందురు. ఈ చట్టమువలన అప్పు పుట్టదని సణుగువారిని నేను కొలువులో నుండగా చాల మందిని చూచితిని. ఈ యింటిని చూచిన పిదప ఆ సణుగుడు నాకు రుచింపలేదు. రోగము వచ్చిన తొలి నెలలో, భయములో, ఏ కాగితము పెట్టినను మనుష్యులు వ్రేలిముద్ర వేయుదురు. వారి రెండెకరములు ఈనాడు వారివిగా నున్నవన్నచో అది వారి యుపాయము గాదు, ఆ చట్టమే.

వ్యాపారి యప్పును తీర్చినది గ్రామములోని మహిళాసంఘము. 2011లో ఏర్పడిన స్త్రీనిధినుండి ఆమె పేర 50,000 ఋణము తీసికొని ఆయనకు కట్టివేసిరి. ఇంచుమించు రూపాయి వడ్డీ. నెలకు వేయి రూపాయలు మిగులుటయేగాక, మిరపను ఖమ్మము యార్డుకు తీసికొనిపోయి తమకు నచ్చినవానికి అమ్ముకొను స్వేచ్ఛ తిరిగి వచ్చినది. సంఘములోని తోటిస్త్రీలు ఋణమునకు పూచీపడుటతో ఊరకుండలేదు. ఆమె హైదరాబాదులో నున్న దినములలో వంతులు వేసికొని ఆమె చేనిలో కలుపు తీసిరి, మందు కొట్టించిరి. ఇంటికొక్కరుగా తలా కొంత సొమ్మును ఇచ్చి, దానిని చదివింపులుగా వ్రాసిరి.

ఈ చదివింపుల మాట కొంచెము వివరింపవలెను. పెండ్లిలో ఎవరెంత చదివించిరో పుస్తకములో వ్రాసికొని, వారియింట శుభకార్యమైనపుడు అంతయో అంతకు నాలుగు రూపాయలు కలిపియో తిరిగి చదివించుట మనకు తరతరముల యాచారము. అది అప్పు గాదు, దానమును గాదు. వడ్డీ లేదు, గడువు లేదు. మఱచిన మాత్రము తప్పు. ఆ యాచారమును రోగపు ఇంటికి త్రిప్పిన యా సంఘపు పెద్దమ్మ యెవరోగాని ఆమెకు చదువు లేదట. నోటుబుక్కు చివరిపుటలలో ఇరువదిమూడు పేర్లు, ఎదుట సొమ్ము. ఒకరు 200, ఒకరు 500, ఒకరు కుంచెడు బియ్యము, ఒకరు 'మూడు దినముల కలుపు'. నా శిష్యురాలు ఆ పుటలను చూపునపుడు తల వంచుకొనలేదు. "ఇవి తీర్చేవి టీచరమ్మా, అడుక్కున్నవి కావు" అన్నది.

బంధువుల రాకను గూర్చి నాకొక ఫిర్యాదు గలదు. చూచిపోవుటకు వచ్చినవారు ఆపిలుపండ్లు, బిస్కత్తులు, జంతికలు తెత్తురు. నోరు తెఱచుకొననివాని యెదుట అవి పెట్టి, మధ్యాహ్నము భోజనము చేసి, రోగికి వినబడునట్లు నిట్టూర్చి వెళ్లుదురు. వారి టీకి, బియ్యమునకు ఆమె పుస్తకములో వేఱొక పద్దు తెఱవవలసి వచ్చినది. నేనును వట్టిచేతులతో పోలేదు. కిలో సగ్గుబియ్యము, రెండు కిలోల రాగిపిండి తీసికొనిపోయితిని. అవియైనను ఆమెకు ముందు ఫోను చేసి యడిగి కొన్నవి. పోయినవారు తమ మనస్సు తృప్తి కొఱకు గాక, ఆ యింట ఆ నెలలో ఏమి తక్కువపడునో కనుగొని యిచ్చుట మేలు. ఒక్కమాఱు 5,000 ఇచ్చి మఱచువారికంటె, నెలనెలా 500 తప్పక ఇచ్చు మేనమామ యామెకు ఎక్కువ యాసరా యైనాడు. ఏలయన నెల మొదట ఎడమవైపున ఒక అంకె నిశ్చయముగా వ్రాసికొనుటకు వీలైనది. తక్కిన లెక్క దానిచుట్టు కట్టుకొన్నది.

వారికి ఇద్దఱు పిల్లలు. పెద్దది ఆఱవతరగతి, ఆశ్రమపాఠశాలలో. చిన్నవాడు నాలుగేండ్లవాడు, అంగన్‌వాడికి పోవును. తల్లిదండ్రులు హైదరాబాదులో నుండవలసిన యాఱు వారములు చిన్నవానినెవరు చూతురను ప్రశ్న వచ్చినది. పెద్దపిల్లను బడి మాన్పించి తీసికొనిరండని బావగారు సలహా చెప్పెను. ఆయన చెడ్డవాడు గాడు. చికిత్సకాలములో రెండు వారములు తాను కూలి మానుకొని తమ్ముని ప్రక్కన కూర్చున్నవాడు. ఐనను ఆడుపిల్ల బడి అన్నిటికంటె చౌకగా మానదగిన ఖర్చని మన యిండ్లలో పెద్దలకు తోచును. ఆశ్రమపాఠశాలలో తిండి, బట్ట, పుస్తకములు ప్రభుత్వమే యిచ్చును. ఆ పిల్ల బడిలో నున్నంతకాలము ఇంటిపై ఒక కంచము భారము తక్కువ. ఆమె ఈ లెక్కను బావగారియెదుట వ్రాసి చూపినది. చర్ల దగ్గఱ పుట్టింటినుండి తల్లిని పిలిపించి చిన్నవానిని అప్పగించినది. పిల్ల బడి మానలేదు. నేను నేర్పిన కూడికలు తీసివేతలు ఇంత పనికివచ్చునని ఆ రోజులలో నాకు తోచలేదు.

ప్రయాణపు ఖర్చులో ఒక మేలైన మార్పు వారికి ఆలస్యముగా తెలిసినది. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణములో స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో టిక్కెట్టు లేదు. ఆమెకు ఆ సౌకర్యము మొదటినుండి కలిగినది. కాని రోగి మగవాడు. ఆయనకు టిక్కెట్టు కొనవలెను. మెడకు కట్టుతో అంతదూరము ఎక్స్‌ప్రెస్ బస్సులో కూర్చుండుటయు కష్టమే. మూడవ ప్రయాణమునాడు, ఆసుపత్రి వసారాలో మహబూబాబాదునుండి వచ్చిన యొక రోగి భార్య రైలు రాయితీ సంగతి చెప్పినది. చికిత్సకు గాని, మరల పరీక్షకు గాని పోవు క్యాన్సరు రోగికి స్లీపరులోను, మూడవ ఏ.సి. తరగతిలోను రైల్వేవారు టిక్కెట్టు సొమ్ము పుచ్చుకొనరు. తోడు వచ్చు ఒకరికి నూటికి 75 వంతులు తగ్గింతురు. రెండవ తరగతిలో ఇద్దఱికిని ఆ 75 వంతుల తగ్గింపే. ఆసుపత్రి వైద్యుడు నిర్ణీత నమూనాలో సంతకము చేసిన ధ్రువపత్రమును స్టేషను కౌంటరులో చూపవలెను. అప్పటినుండి వారు ఆటోలో భద్రాచలము, బస్సులో కొత్తగూడెము చేరి, 'భద్రాచలము రోడ్డు'లో రాత్రిబండి యెక్కుచున్నారు. ఆయన పండుకొని పోవును. తెల్లవారునప్పటికి సికిందరాబాదు.

ఇట్టి సంగతులు ఒక స్త్రీ మఱొక స్త్రీకి వసారాలో చెప్పుటచేతనే మన దేశములో చాలవఱకు వ్యాపించుచున్నవి. అందువలన ఇంకొకటియు ఇక్కడనే చెప్పివేయుదును. క్రొత్తగా కాపురము పెట్టిన యువదంపతులు రేషనుకార్డులో తమ పేర్లెక్కడ నున్నవో ఆరోగ్యముగా నున్నప్పుడే చూచుకొనవలెను. కోడలి పేరు పుట్టింటి కార్డులో, కొడుకు పేరు తండ్రి కార్డులో, పిల్లల పేర్లు ఎక్కడను లేక యుండు యిండ్లు అనేకములు. తెలంగాణములో చాల యేండ్లపాటు క్రొత్తకార్డులు తఱచుగా రాకపోవుటచే ఈ చిక్కు పెరిగి, 2025లో మరల విరివిగా ఇయ్యనారంభించిన పిదప కొంత తగ్గినది. నా శిష్యురాలి భర్త పేరు అదృష్టవశమున తన తండ్రి కార్డులో నిలిచియున్నది. లేకున్నచో చికిత్సకు ముందు కాగితముల కొఱకే ఒక నెల పోయెడిది. ఈ రోగములో ఒక నెల చిన్నది గాదు.

ధనమున్నవారికి ఈ రోగము వేఱుగా వచ్చునా యనిన, రాదు. నందమూరి తారకరామారావుగారు ముఖ్యమంత్రిగా నుండగా 1985లో వారి భార్య బసవతారకముగారు క్యాన్సరుతోనే కన్నుమూసిరి. ఆమె పేర హైదరాబాదు బంజారాహిల్స్‌లో వెలసిన ఆసుపత్రి 2000లో తెఱవబడినది. రోగమునకు ఇల్లు చిన్నదా పెద్దదా యను విచారణ లేదు. దారికి మాత్రము ఉన్నది. పెద్దయింటివారికి ఆసుపత్రి కొన్ని నిమిషముల కారు ప్రయాణము. దుమ్ముగూడెపు అడవిపల్లెకు ఒక ఆటో, రెండు బస్సులు, ఒక రాత్రిబండి. 2022లో కొత్తగూడెములోను, 2023లో ఖమ్మములోను ప్రభుత్వ వైద్యకళాశాలలు వచ్చినవి. రేడియేషను యంత్రమొకటి ఈ రెండూళ్లలో ఏదో యొకదాని ప్రభుత్వాసుపత్రిలో ఈ ప్రాంతపు బీదలకు అందినచో, ఆమె పుస్తకములోని కుడివైపు పద్దులు సగము కొట్టివేయవచ్చును. పెద్దపెద్ద సొమ్ములు మంజూరు చేయువారు ఈ సగమును కూడ లెక్కలో చూడవలెనని నాకు తోచును.

సాయంకాలము మిరపకుప్పపై పరదా కప్పుచు ఆమె రానున్న నెలల సంగతి చెప్పినది. మొదటి యేడాది రెండు మూడు నెలల కొకసారి పరీక్షకు పోవలెను. తరువాతి పరీక్ష ఏప్రిలు చివర రావలసియుండగా, తునికాకు కోత సరిగా అప్పుడే. ఏబది ఆకుల కట్టలు కట్టి కల్లములో అప్పగించెడి ఆ కొద్దివారములే ఈ యడవిపల్లెలలో చేతికి నగదు వచ్చు కాలము. ఆ వారములలో మూడు దినములు పోయినను గొప్ప నష్టమే. ఆమె వైద్యునితో ఈ మాట చెప్పి, పరీక్ష వారము ముందునకు జరుపవచ్చునా యని యడిగినదట. ఆయన తేదీ మార్చి యిచ్చెను. అడుగవచ్చునని చాలమందికి తెలియదు.

భర్త అరుగుమీదనుండి ఏమో అన్నాడు. నాకు అర్థము గాలేదు. "ట్రాక్టరు ఎప్పుడెక్కుతానో అడగమంటున్నాడు మిమ్మల్ని" అని ఆమె నవ్వినది. అది నేను చెప్పగలిగినది కాదు. తంబాకు మానినావా యని మాత్రము అడిగితిని. చేతులు రెండును చూపెను.

వెళ్లునపుడు నేను చదివింపుల పుటలో నా పేరు వ్రాయుమంటిని. ఆమె కొంచెము సంకోచించి, "మీ యింట్లో కార్యం ఏముంది టీచరమ్మా తిరిగి చదివించడానికి?" అన్నది. మా మనుమరాలి ఓణీల వేడుక ఉన్నదని చెప్పితిని. అప్పుడు వ్రాసికొన్నది. ఆ పుటప్రక్కనే వచ్చు నెల పద్దులున్నవి. సంఘపు కిస్తు. రైలు, తోడు టిక్కెట్టు. రాగిపిండి. పోగుల వడ్డీ. పాపకు చెప్పులు. ఆ చివరిది వెనుకటి నాలుగు నెలల పుటలలోను వ్రాసి కొట్టివేయబడియున్నది. ఈ నెలలో దానిని అన్నిటికంటె పైన వ్రాసికొన్నది.